చచ్చిన కోడిని ఎత్తేది ఎవరు?

2025 ఫిబ్రవరి 10న భోపాల్ నుంచి కబురు వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల నుంచి పంపిన నమూనాల్లో బర్డ్ ఫ్లూ ఉందని అక్కడి జంతువ్యాధుల ప్రయోగశాల తేల్చింది. అధికారులు దిగారు. తెల్ల సూట్లు, మాస్కులు, చేతి తొడుగులు వచ్చాయి. ఫారం చుట్టూ ఒక కిలోమీటరు మేర గీత గీసి, అందులోని కోళ్లను చంపి పూడ్చే పని పెట్టారు. పది కిలోమీటర్ల దాకా నిఘా అన్నారు. చికెన్ కొట్లు మూయించారు. పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. ఇదంతా చేయవలసిందే. కాదనేవాళ్లం కాదు.

మనం అడిగేది వేరు. ఆ కబురు రాకముందు సంగతి ఏమిటి? కోళ్లు చావడం ఫిబ్రవరి 10న మొదలవలేదు. అంతకుముందు నుంచే షెడ్లలో కుప్పలుగా చస్తున్నాయి. చచ్చిన కోళ్లను కాలవల్లోనూ, రోడ్ల పక్కనా పారేస్తున్నారని పత్రికలే రాశాయి. ఎప్పుడు కోళ్లు చచ్చినా మొదట కొక్కెర తెగులనే అంటారు. నమూనా తీయాలి, భోపాల్ పంపాలి, అక్కడ చూడాలి, మళ్లీ కబురు రావాలి. ఈలోపు రోజూ పొద్దున్నే షెడ్డు తలుపు తీసేదెవరు? చచ్చినవాటిని కాళ్లు పట్టుకుని బస్తాలో వేసేదెవరు? పెంట ఎత్తేదెవరు? తెల్ల సూటు వేసుకున్న మనిషి కాదు గదా. లుంగీ ఎగ్గట్టుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకున్న కూలీ. పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న ఆడకూలీ.

బర్డ్ ఫ్లూ మహమ్మారి కాకుండా ఆపడమెలా అని ఢిల్లీలో, జెనీవాలో పెద్ద పెద్ద సభలు జరుగుతాయి. వాటిలో ఎన్ని తీర్మానాలు చేసినా, ఆ కబురు రాకముందు రోజుల్లో ఆ షెడ్డులో ఏం జరుగుతుందన్న దాని మీదే చాలా ఆధారపడి ఉంది. ఆ షెడ్డులో ఉన్నది మనవాళ్లు. అందుకే ఈ విషయం డాక్టర్లకూ, పశువుల డాక్టర్లకూ వదిలేసే విషయం కాదు, కూలిసంఘాలు మాట్లాడవలసిన విషయం.

ఈ రోగం కథ కొంచెం తెలుసుకోవాలి

బర్డ్ ఫ్లూ అంటే పక్షుల జలుబు జ్వరం. దాన్ని కలిగించే వైరస్‌లో అనేక రకాలున్నాయి. ఇప్పుడు లోకాన్ని భయపెడుతున్న దాని పేరు హెచ్5ఎన్1. 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక బాతుజాతి పక్షిలో దీన్ని కనిపెట్టారు. మరుసటి ఏడు హాంకాంగ్‌లో మనుషులకు సోకింది. 18 మందికి వస్తే ఆరుగురు చనిపోయారు. 2003 తర్వాత వియత్నాం, థాయ్‌లాండ్, ఇండోనేషియాల మీదుగా లోకమంతా పాకింది. మన దేశానికి 2006 ఫిబ్రవరిలో వచ్చింది, మహారాష్ట్ర నందూర్‌బార్ జిల్లా నవాపూర్ ఫారాలకు. 2015లో హైదరాబాద్ పక్కన హయత్‌నగర్ మండలం తొర్రూరుకు, 2024లో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బలకు వచ్చింది. 2025లో గోదావరి జిల్లాల సంగతి పైన చెప్పుకున్నాం.

కోడికి సోకితే రెండు మూడు రోజుల్లో షెడ్డు ఖాళీ. బాతుకు సోకితే మాత్రం పైకి ఏమీ తెలియకుండా తిరుగుతుంది, వైరస్ మాత్రం రెట్టలో పోతూనే ఉంటుంది. కోత కోసిన వరిచేలల్లో బాతుల మందలు తోలుకుని ఊరూరా తిరిగే కుటుంబాలు మన జిల్లాల్లో ఉన్నాయి. వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మనిషికి ఇది అంత సులువుగా అంటదు. కారణం చెబుతాను. వైరస్ ఒంట్లోకి దూరాలంటే కణం మీద దానికి సరిపడే తాళం ఉండాలి. పక్షి పేగులో, గొంతులో ఉండే తాళం ఒక రకం. మనిషి ముక్కులో, గొంతులో ఎక్కువగా ఉండేది ఇంకో రకం. అందుకని పక్షి వైరస్ చేతిలోని తాళంచెవి మన ముక్కు దగ్గర తిరగదు. కానీ మనిషి కంట్లో, ఊపిరితిత్తుల అడుగున పక్షి రకం తాళాలు కొన్ని ఉన్నాయి. రెట్ట దుమ్ము దండిగా పీలిస్తే, ఆ చేత్తోనే కన్ను నులుముకుంటే దూరుతుంది. దూరితే ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. 2003 నుంచి 2025 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కినవాళ్లు 980 మందికి పైనే. అందులో దాదాపు సగం మంది బతకలేదు. తేలిగ్గా వచ్చి పోయినవాళ్లు లెక్కలోకి రారు కనుక అసలు రేటు అంత ఉండకపోవచ్చు. అయినా చిన్న సంగతి కాదు.

మన దేశంలో 2021 జూలైలో ఢిల్లీ ఎయిమ్స్‌లో హర్యానా బాలుడు, 2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఈ రోగంతో పోయారు. పాప ఇంట్లోవాళ్లకూ చుట్టుపక్కలవాళ్లకూ పరీక్షలు చేస్తే ఇంకెవరికీ లేదని తేలింది. మనిషి నుంచి మనిషికి పాకే గుణం దానికి ఇంకా అబ్బలేదని దీన్నిబట్టి కూడా అర్థమవుతుంది.

అబ్బితే? అదే అసలు భయం. ఒక కూలీకి మామూలు ఫ్లూ జ్వరం ఉంది. అదే సమయంలో కోళ్ల వైరస్ కూడా ఒంట్లోకి వచ్చింది. రెండు వైరస్‌లూ ఒకే కణంలో కలిస్తే ఒకదాని ముక్కలు ఇంకోదానికి అతుక్కుంటాయి. మనిషి ముక్కు తాళం తీయగల కొత్త వైరస్ అలా పుట్టవచ్చు. అది పుట్టే చోటు ఏ ప్రయోగశాలో అనుకోనవసరం లేదు. కోళ్ల షెడ్డులో పనిచేసే మనిషి ఒళ్లే ఆ చోటు కావచ్చు.

అలాంటిది వస్తే ఎవరు పోతారో 1918 చెప్పింది. ఆ ఏటి ఫ్లూ మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివస్తున్న సైనికుల ఓడలతో బొంబాయి రేవుకు దిగింది. వానలు లేక పంటలు పోయిన ఏడు అది. మన దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా చచ్చారని పరిశోధకుల అంచనా. బొంబాయి నగరం లెక్కలున్నాయి. యూరోపియన్లలో వెయ్యికి 8 మంది పోతే, కింది కులాల హిందువుల్లో వెయ్యికి 61 మంది పోయారు. వైరస్ ఒకటే. ఇళ్లు వేరు, తిండి వేరు, మందు అందే దారి వేరు.

హాంకాంగ్ చేసింది, థాయ్‌లాండ్ దాచింది

ముందుగానే ఆపడం సాధ్యం కాదనే మాట అబద్ధం. 1997 డిసెంబరు ఆఖర్లో హాంకాంగ్ ప్రభుత్వం ఆ నగరంలోని కోళ్లన్నింటినీ, సుమారు 15 లక్షల కోళ్లను, రోజుల్లో చంపించేసింది. మనుషుల్లో కొత్త కేసులు ఆగిపోయాయి. అక్కడితో ఊరుకోలేదు. రోగం పాకేది ప్రాణమున్న కోళ్లను అమ్మే బజార్లలో అని గ్రహించి వాటి మీద పడ్డారు. బాతుల్నీ కోళ్లనీ ఒకే చోట అమ్మకుండా విడదీశారు. 2001 నుంచి నెలలో ఒక రోజు బజారు మొత్తం ఖాళీ చేసి కడిగే సెలవు రోజు పెట్టారు. కౌజు పిట్టల అమ్మకం ఆపారు. 2008 నుంచి రాత్రిపూట బజారులో బతికిన కోడి ఉండకూడదన్నారు. ఒక్కో నిబంధన వెనకా పరీక్షలున్నాయి, లెక్కలున్నాయి. బజారు గచ్చు కడగడం, గంపలు శుభ్రం చేయడం వంటి చిన్న పనులే వైరస్ బలాన్ని తగ్గించాయి.

థాయ్‌లాండ్ ఇంకో దారి పట్టింది. 2003 ఆఖరు నుంచే కోళ్లు చస్తుంటే కోడి కలరా అన్నారు, దగ్గు రోగమన్నారు. ఆ దేశం అప్పటికి కోడిమాంసం ఎగుమతుల్లో ముందు వరసలో ఉంది. ప్రధాని థక్సిన్ జనం ముందు కోడి కూర తిని చూపించాడు. చివరికి 2004 జనవరి 23న ఒప్పుకోక తప్పలేదు. అప్పటికే పిల్లలకు సోకింది. (మంత్రులు కెమెరాల ముందు చికెన్ తినడం అన్ని దేశాల్లోనూ ఉన్న ఆచారమే. 2025లో మన దగ్గర కోళ్ల వ్యాపారులు ఉచిత చికెన్ మేళాలు పెట్టారు. బాగా ఉడికిన కోడి తింటే ఏమీ కాదన్న మాట నిజమే, 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. ఉడికిన కోడి తినేవాడి గురించి అంత శ్రద్ధ చూపినవాళ్లు, ఉడకని కోడిని ఎత్తేవాడి గురించి ఒక్క మేళా పెట్టలేదు.)

పశ్చిమ బెంగాల్ 2008 అనుభవం మనకు ఇంకా దగ్గరది. ఆ జనవరిలో బీర్భూమ్ జిల్లాలో మొదలై పలు జిల్లాలకు పాకింది. నలభై లక్షలకు పైగా కోళ్లనూ బాతులనూ చంపారు. పెద్ద ఫారాలు కావవి, పెరటి కోళ్లు. పేదింటి ఆడవాళ్ల చేతి డబ్బు. జబ్బు చేస్తే మందుకు, పిల్లాడికి పుస్తకానికి అమ్ముకునేవి. పరిహారం తక్కువనీ, ఎప్పుడొస్తుందో తెలియదనీ చాలామంది కోళ్లను దాచేశారు, చుట్టాల ఊరికి పంపేశారు. దాంతో రోగం కూడా ఊరు మారింది. ఆడవాళ్లకు తెలివి లేదని అప్పుడు కొందరు పెద్దలు తిట్టారు. నాలుగు కోళ్లున్న మనిషి వాటిని అప్పగించాలంటే, ఆ సాయంత్రానికి డబ్బు చేతిలో పడాలి. ఆర్నెల్ల తర్వాత బ్యాంకులో పడే చెక్కుతో ఎవరూ కోడిని అప్పగించరు. రోగం దాచడమనేది అజ్ఞానం వల్ల వచ్చింది కాదు, లెక్క వేసుకోగా వచ్చింది.

మన దేశపు నియమాల ప్రకారం చంపిన కోడికి, పగలగొట్టిన గుడ్డుకు, పూడ్చిన దాణాకు పరిహారం ఉంది. కేంద్రం సగం, రాష్ట్రం సగం. మంచిదే. చిన్న రైతుకు అది కూడా సరిగా అందదు. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, షెడ్డు రైతుది అయిన కాంట్రాక్టు పద్ధతిలో ఎవరి చేతికి ఎంత అన్న తగాదా ఉంటుంది. ఆ తగాదాలో మనం రైతు పక్షమే. కానీ కూలీ మాట? ఫారం మూతపడ్డాక మళ్లీ పిల్ల దింపేదాకా నెలల తరబడి పని ఉండదు. ఆ నెలల కూలి ఏ గడిలోనూ రాయరు. చికెన్ కొట్టులో కోసే కుర్రాడికి, గుడ్ల ట్రేలు మోసే హమాలీకి, కోళ్ల లోడెక్కించే వాళ్లకు, కొట్లు మూయించిన రోజున కూలి పోయింది. రోగం బయట పెట్టినందుకు శిక్ష పడేది వీళ్లకే అయినప్పుడు, షెడ్డులో కోళ్లు తేడాగా ఉన్నాయని మొదట చెప్పే నోరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆంధ్రప్రదేశ్ గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉంది. తెలంగాణ కూడా వెనకబడి లేదు. ఈ గుడ్లు పెట్టించే షెడ్లలో ఒడిశా నుంచి, బీహార్ నుంచి, జార్ఖండ్ నుంచి కుటుంబాలతో సహా వచ్చి, షెడ్డు పక్కనే రేకుల గదిలో ఉండేవాళ్లు ఎందరో. పిల్లలు అక్కడే ఆడతారు. బట్టలు అక్కడే ఉతుకుతారు. తెలుగు రాదు, రేషన్ కార్డు ఇక్కడిది కాదు, ఆశా కార్యకర్త వస్తే యజమాని గేటు తీయడు. ఆ గేటు లోపల మనుషులున్నారన్న సంగతి నిఘా రిజిస్టరుకు ఎలా ఎక్కుతుంది?

అమెరికా కూలీల అనుభవం

ఇదేదో బీద దేశాల గోడు అనుకునేరు. 2024 మార్చిలో అమెరికాలో ఎవరూ ఊహించని చోట ఈ వైరస్ కనిపించింది. టెక్సాస్, కాన్సాస్ రాష్ట్రాల పాడి ఆవుల్లో, వాటి పాలలో. పొదుగులో చేరి, పాలు పితికే యంత్రాల ద్వారా ఆవు నుంచి ఆవుకు పాకింది. ఏప్రిల్‌లో టెక్సాస్ పాడిలో పనిచేసే ఒక కూలీకి కళ్లు ఎర్రబడ్డాయి. పరీక్షలో హెచ్5ఎన్1 తేలింది. 2025 తొలినెలల కల్లా ఆ దేశంలో 70 మందికి సోకినట్టు నమోదైంది. వారిలో అత్యధికులు పాడి కూలీలు, కోళ్లను చంపే పనికి వెళ్లిన కూలీలు. 2025 జనవరిలో లూసియానాలో ఒకరు చనిపోయారు. ఆయనకు సోకింది పెరటి పక్షుల నుంచి, అడవి పక్షుల నుంచి.

అందులో కొలరాడో సంగతి చదివితే మన షెడ్లే గుర్తొస్తాయి. 2024 జూలైలో అక్కడి గుడ్ల ఫారాల్లో రోగం వస్తే, కోళ్లను ఒక్కొక్కటిగా పట్టి బండిలోని గ్యాసు పెట్టెల్లో వేసి చంపే పనికి కూలీలను దించారు. షెడ్డులో వేడి 40 డిగ్రీలు దాటింది. పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటే ఈకలు, దుమ్ము గాలిలో ఎగిరాయి. ఆ వేడిలో సూటు, కళ్లద్దాలు, మాస్కు వేసుకుని నిలబడడం ఎవరి తరం? అద్దాలు జారిపోయాయి, మాస్కులు ఊడాయి. తొమ్మిది మందికి సోకింది. అదృష్టం, అందరికీ తేలికగానే పోయింది. కిట్లు లేక సోకిన రోగం కాదిది. కిట్లు ఇచ్చారు. ఆ కిట్టులో మనిషి ఎంతసేపు పనిచేయగలడు, ఎన్ని నిమిషాలకోసారి బయటికి రావాలి, ఎన్ని కోళ్లకు ఎంతమంది కావాలి అన్న లెక్క ఎవరూ వేయలేదు. రోజుకింత పని అని తొందర పెట్టిన చోట సూటు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గోదావరి జిల్లాల ఎండ సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. అదే ఏడాది మిషిగన్, కొలరాడో రాష్ట్రాల పాడి కూలీలు 115 మంది రక్తం పరీక్షించారు. ఎనిమిది మందికి అంతకుముందే సోకిపోయిన గుర్తులు కనిపించాయి. ఎనిమిది మందీ పాలు పితికే చోట పనిచేసినవాళ్లో, దాన్ని కడిగినవాళ్లో. వాళ్లలో సగం మందికి జబ్బు చేసినట్టే గుర్తు లేదు. అంటే ప్రభుత్వం లెక్కించినదానికన్నా ఎక్కువ మందికి సోకింది. ఎందుకు బయటపడలేదు? ఆ దేశంలో పొలం పనివాళ్లలో పదికి నలుగురికి ఉండడానికి కాగితాలు లేవు. పరీక్షకు వెళితే పేరు రాస్తారు, పేరు రాస్తే పోలీసు వస్తాడేమోనన్న భయం. పాజిటివ్ వస్తే ఇంట్లో కూర్చోవాలి, కూలి పోతుంది. ఎంత గొప్ప ప్రయోగశాల ఉన్నా, కూలీ దాని దాకా నడిచి రాకపోతే అది గుడ్డిదే.

ఫిన్లాండ్ మాత్రం 2024లో ముందడుగు వేసింది. అంతకుముందు ఏడు అక్కడి బొచ్చు జంతువుల ఫారాల్లో రోగం పాకింది. అందుకని ఫారం కూలీలకు, పశువైద్యులకు, ప్రయోగశాల సిబ్బందికి, పదివేల మందికి సరిపడా బర్డ్ ఫ్లూ టీకాలు తెచ్చి రెండు డోసులు వేయడం మొదలుపెట్టింది. ప్రపంచంలో మొదట ఆ పని చేసిన దేశం అదే. వరస చూడండి. మొదట షెడ్డులోని మనిషికి. ఇదీ పద్ధతి.

టీకా మాట వచ్చింది కనుక ఇండోనేషియాను తలచుకోవాలి. 2006, 2007 సంవత్సరాల్లో ఆ దేశంలో మనుషులు ఈ రోగంతో చస్తున్నారు. వాళ్ల రోగుల నుంచి తీసిన వైరస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు పంపితే, అది ఎక్కడో విదేశీ కంపెనీ చేతికి చేరి టీకాగా తయారవుతోందని, తమ దేశానికి కొనుక్కునే స్తోమత కూడా ఉండదని ఆరోగ్య మంత్రి సితి ఫదీలా సుపారి గ్రహించింది. నమూనాలు ఇవ్వం పొమ్మంది. పెద్ద దేశాలు లోకానికి చేటు చేస్తోందని ఆమెను ఆడిపోసుకున్నాయి. నాలుగేళ్ల బేరం తర్వాత 2011 మే నెలలో ఒక ఒడంబడిక కుదిరింది. మహమ్మారి వస్తే తయారయ్యే టీకాల్లో కొంత భాగాన్ని కంపెనీలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతిలో పెట్టాలన్నారు. 2009లో పందుల ఫ్లూ వచ్చినప్పుడు, 2021లో కరోనా టీకాలప్పుడు ధనిక దేశాలు ముందే ఎలా ఎగరేసుకుపోయాయో చూశాం. ఆ మంత్రి మొండితనం వల్లే బీద దేశాలకు ఆపాటి హక్కయినా కాగితం మీదకు వచ్చింది. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలోనూ తగవు అక్కడే తెగలేదు. నమూనా ఇచ్చినవాడికి మందు దక్కాలా వద్దా అన్న ఆ ఒక్క అధ్యాయాన్ని విడిగా తర్వాత రాసుకుందామన్నారు.

మనం ఏం అడగాలి

మొదటిది కూలి. షెడ్డు మూసిన రోజు నుంచి తిరిగి తెరిచేదాకా అందులో పనిచేసినవారికి కూలి భృతి కావాలి. కోడికి ఇచ్చే పరిహారం పట్టికలోనే మనిషికి ఒక గడి ఉండాలి. జాలిపడి ఇవ్వమని అడగడం లేదు. రోగం దాచకుండా బయటికి రావడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

రెండోది, కోళ్లను చంపే బృందాలకు ఇచ్చే రక్షణ అంతా భోపాల్ కబురుకు ముందు వాటిని తాకినవారికి కూడా వర్తించాలి. ప్రభుత్వ నియమాల ప్రకారం చంపే పనికి వెళ్లినవారికి సూటు, ముందు జాగ్రత్తగా ఒసెల్టామివిర్ బిళ్లలు, తర్వాత కొన్ని రోజులు ఆరోగ్య పరీక్ష ఉన్నాయి. వారం ముందు నుంచీ ఒట్టి చేతులతో అవే కోళ్లను ఎత్తినవాడికి ఎందుకు లేవు? ఈ మందు జ్వరం వచ్చిన రెండు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది నిలవ ఉండాలి. జిల్లా ఆస్పత్రిలో ఉందంటే చాలదు.

మూడోది, ఫారం కూలీలందరికీ ఏటా మామూలు ఫ్లూ టీకా ఉచితంగా వేయాలి. అది బర్డ్ ఫ్లూని ఆపదు. కానీ రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఆస్పత్రుల్లో డబ్బున్నవారు కొనుక్కుని వేయించుకునే టీకా అది. ఎవరి ఒంట్లో కలయిక జరిగితే లోకానికి ముప్పో, వారికి వేయడానికి ఏం అడ్డం?

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో వృత్తి రోగాల జాబితా ఉండేది. జంతువులను, జంతు కళేబరాలను ముట్టుకునే పనిలో అంటుకున్న అంటురోగం ఆ జాబితాలో మొదటి వరసలోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టాన్ని సాంఘిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. జాబితా అందులోనూ ఉంది. కోడి కళేబరం జంతు కళేబరమే గదా. కానీ హాజరు పట్టీ లేని కూలీ, ఫలానా తేదీన ఫలానా షెడ్డులో చచ్చిన కోళ్లను ఎత్తానని ఎలా రుజువు చేస్తాడు? యజమాని వీడు మావాడే కాదంటాడు. మేస్త్రి మొహం చాటేస్తాడు. అక్కడే మన సంఘాలు చేయాల్సిన పని ఉంది.

ఈలోపు మన చేతుల్లో ఉన్నవి చెప్పుకుందాం. షెడ్డులో ఉన్నట్టుండి కోళ్లు ఎక్కువగా చచ్చినా, తలలు వాచి తమ్మెలు నీలం తిరిగినా ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. ఏ కవరు దొరికినా చేతికి తొడగండి, ముక్కు నోరు కప్పుకోండి, ఆ చేత్తో కళ్లు నులుముకోవద్దు. చచ్చిన కోడి ఉచితంగా ఇస్తున్నారు కదా అని ఇంటికి తెచ్చుకోవద్దు, బొచ్చు పీకవద్దు. చేపల చెరువులకు వేసే కోడిపెంట లోడు ఎత్తేవాళ్లకూ ఇదే మాట. పందెం కోడికి దెబ్బ తగిలితే నోటితో నెత్తురు పీల్చే అలవాటు మానాలి. పనిబట్టలు వేరుగా పెట్టండి, పిల్లల్ని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడగండి. జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు వస్తే డాక్టరు అడగకముందే "నేను కోళ్లఫారంలో చేస్తానండి" అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే మామూలు జ్వరం బిళ్ల ఇచ్చి పంపుతారు.

మొన్న ఒక ఊళ్లో ఈ సంగతులు చెబుతుంటే ఒక పెద్దామె అడిగింది: "ఇయ్యన్నీ చెప్తే రేపట్నించి పనికి రావద్దంటాడు గదా బాబూ, అప్పుడేం చెయ్యాలి?" ఒక్కరు చెబితే అంటాడు. పదిమందీ ఒకేసారి వెళ్లి పశువుల డాక్టరుకు చెబితే, ఎవరిని మాన్పించాలో తేల్చుకోలేడు. చెప్పడానికి ఒక్కర్నే పంపించవద్దు, సంఘం పేరుతో వెళ్లండి.

ఇక ఆ రుజువు విషయం. ఫారాలున్న ప్రతి ఊళ్లోనూ సంఘం ఒక రూళ్ల పుస్తకం పెట్టాలి. కోళ్లు చావడం మొదలైన రోజు నుంచి ఎవరెవరు షెడ్డులోకి వెళ్లారు, ఏ పని చేశారు, తొడుగులు ఇచ్చారా లేదా, ఎవరికి ఏ రోజు జ్వరం వచ్చింది, తేదీలతో రాయాలి. సంతకం రానివాళ్లది వేలిముద్ర. వారం వారం ఒక నకలు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ల పేర్లు రాసేటప్పుడు వాళ్ల సొంతూరు, ఇంటి దగ్గరి ఫోను నంబరు కూడా రాయండి. ఫారం మూసిన మర్నాడే వాళ్లను రైలెక్కించేస్తారు. జ్వరం దారిలో వస్తుంది.